అమ్మమ్మ పెన్సిలు గుర్తులు

కర్పూరం, ఎండిన వేపాకు, పాత తోలు, అడుగున ఎక్కడో కిరసనాయిలు. ఈ నాలుగూ కలిసిన వాసన నాకు తెలిసి ఒక్క చోటే ఉంటుంది. రేపల్లె అవతల మా అమ్మమ్మ ఊరి లూథరన్ గుడిలో, ఆల్టరు పక్క చిన్న గదిలో, హార్మోనియం పెట్టె మూత ఎత్తితే వస్తుంది.

మొన్న అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడికకు అందరం ఊరెళ్ళాం. సంఘపెద్ద ఒకాయన గది తాళం తీసి, "టీచరమ్మ గారి పెట్టె. ఎవరూ ముట్టుకోవట్లేదు" అంటూ మూత ఎత్తారు. గుడిలో ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్లు, మనిషెత్తు స్పీకర్లు ఉన్నాయి. హార్మోనియం మీద మడతపెట్టిన ఊదారంగు ఆల్టరు గుడ్డ, దాని మీద అట్ట ఊడిన ఆమె ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ అంచున పెన్సిలుతో చిన్న అంకె. ఒకటి. రెండు. ఒకటిన్నర. ఆరు.

ఆ అంకెలు ఏమిటో ఆ ఊళ్ళో ఇప్పుడు తెలిసినవాళ్ళు తక్కువ. అవి శ్రుతులు, అంటే ఆ పాటకు హార్మోనియం మీద ఏ మెట్టును ‘స’గా పట్టుకోవాలో చెప్పే అంకెలు.

ఆ పుస్తకంలో చాలా కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో ఉండదు. కచేరీలో పాడేది ఒక్కరు కాబట్టి తన గొంతుకు తగ్గ శ్రుతి పెట్టుకుంటారు. గుడిలో పాడేది నూట యాభైమంది. కుడివైపు చాపల మీద మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు, ముందు వరసలో పిల్లలు, వెనక దగ్గుతూ ముసలివాళ్ళు. వీళ్ళందరి గొంతులూ కలిసే చోటు చాలా ఇరుకు. అమ్మమ్మ చేసిన పని ఏమిటంటే, పల్లవి ఎలా మొదలవుతుందో చూడకుండా ముందు చరణం చూసేది. అందులో అన్నిటికన్నా పైకి వెళ్ళే స్వరం ఏదో కనుక్కునేది. తారషడ్జం (పై స) దగ్గర ఆగిపోయే పాటైతే రెండో శ్రుతి, రెండున్నర. పై గాంధారం (గ) దాకా ఎక్కే పాటైతే ఒకటికి మించనిచ్చేది కాదు. పై పంచమం (ప) తగిలే పాటలు కొన్ని ఉంటాయి, వాటిని కింది స్థాయిలోని ఆరో శ్రుతికి దించేది. పల్లవి హాయిగా ఉందని నాలుగులో ఎత్తుకుంటే చరణంలో మగవాళ్ళు సగంమంది మానేస్తారు, మిగతా సగం అరుస్తారు. చరణం మధ్యలో శ్రుతి మార్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ పెన్సిలు అంకెలు.

వాటిని ఒక్క రోజులో రాయలేదు. ఆదివారం గుడి అయ్యాక ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా, ఆ రోజు పాడిన పాటల దగ్గర కొన్ని అంకెలు రబ్బరుతో చెరిపి మళ్ళీ రాసేది. "వెనకాల వాళ్ళకు అందలేదు" అనేది. వెనకాల ఎవరు పాడారో, ఎవరు మానేశారో పాడిస్తూనే వినగలిగిన చెవి ఆమెది.

*

1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగినప్పటి నుంచీ ఈ వైపు లూథరన్ మిషన్‌తో పాటే బడి కూడా నడిచింది. చాలా ఊళ్ళలో గుడికీ బడికీ ఒకటే కప్పు. వారంలో ఆరు రోజులు పలకలు, ఏడో రోజు చాపలు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో. తాను పుట్టింది కూడా ఆ ప్రాంతంలోనేనని అమ్మమ్మ లెక్క చెప్పేది, కచ్చితమైన తేదీ ఆమెకూ తెలియదు. గుంటూరు స్టాల్ బడి హాస్టల్లో ఉండి చదువుకుంది, టీచర్ ట్రైనింగ్ చేసింది, పెళ్ళయి ఈ ఊరొచ్చింది. ఒక్క గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు. రిటైరయ్యేదాకా అవే తరగతులు చెప్పింది. పై తరగతులకు పంపిస్తామన్నా వెళ్ళలేదు. పునాది దగ్గర మనిషి కావాలనేది.

బడి గంట అంటే చింతచెట్టు కొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనుపచువ్వ తన టేబులు సొరుగులో పెట్టి తాళం వేసుకునేది, లేకపోతే పిల్లలు పావుగంట ముందే ఇంటిగంట కొట్టేస్తారు.

ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతి సెలవుల్లోనూ వేసవి సెలవులు అయిపోయే ముందూ, నల్లబల్లకు నలుపు వేయడం ఉండేది. దొండాకు రోట్లో దంచి పసరు పిండి, మెత్తగా నూరి గుడ్డలో జల్లించిన బొగ్గుపొడి అందులో కలిపి, పాతగుడ్డతో పైనుంచి కిందికి ఒకే వైపుగా పూయడం. ఒక పూత ఆరాకే రెండోది. బొగ్గు జల్లించకపోతే నలుసులు మిగిలి సుద్దముక్క గీరుకుంటుంది, అక్షరం మధ్యలో తెగుతుంది. పసరు తక్కువైతే నలుపు పిల్లల చొక్కాలకు అంటుతుంది. ఈ పనికి మూడో తరగతి పిల్లల్ని పిలిచేది, వాళ్ళకు అదొక గొప్ప. ఆ పచ్చివాసన బడి తెరిచిన మొదటి వారం అంతా ఉండేది.

అక్షరాలు నేర్పడంలో ఆమె వరస వేరు. అ, ఆలు నోటితో పాడించేది, చేత్తో మాత్రం ముందు సున్న పెట్టించేది. వారం రోజులు ఇసుకలో వేలితో సున్నలే. వేలు ఆగకుండా గుండ్రంగా తిరగడం వచ్చాక ఆ సున్న మీద తలకట్టు పెట్టిస్తే ర అయ్యేది. లోపల చుక్క పెట్టిస్తే ఠ. "చూశావా, నీకు రెండు అక్షరాలు వచ్చేశాయి" అనేది. మొదటి రోజే అ దిద్దించబోతే పిల్లవాడు ఆ మెలికల దగ్గర చేయి బిగబట్టేస్తాడు, ఆ బిగువు వదలడానికి ఏడాది పడుతుంది. ద, ధ, థ కలిపి ఒకే రోజు ఎప్పుడూ చెప్పలేదు. ద బాగా కుదిరిన నెలకు ధ, అది కుదిరాక థ. మూడూ ఒకేసారి చెబితే పొట్టలో చుక్క ఎవరికో, కింద గీత ఎవరికో జీవితాంతం తేలదని ఆమె నమ్మకం. పెద్దవాళ్ళు రాసిన ఉత్తరాలు చూస్తే ఆ నమ్మకం నిజమనే అనిపిస్తుంది.

ఎక్కాలు తాళంలో నడిచేవి. రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు అని పిల్లలు ఊగుతూ చెప్పడం అన్ని బళ్ళలోనూ ఉన్నదే. అమ్మమ్మ బడిలో ఉన్న తేడా ఒక్కటే. జవాబు రావలసిన చోట ఆమె ఆగేది, చేత్తో తాళం మాత్రం వేసేది. "పదహారు ఎనిమిదులూ..." అని ఆగి, చేయి కిందికి వచ్చేలోగా వినేది. నలభైమందిలో నూట ఇరవై ఎనిమిది అని ఎంతమంది అన్నారు, ఎంతమంది పక్కవాడి నోరు చూసి ఆలస్యంగా కలిశారు అన్నది ఆ ఒక్క క్షణంలో తెలుస్తుంది. ఆలస్యంగా కలిసిన పిల్లల్ని అందరి ముందూ అడగదు. మధ్యాహ్నం అన్నాల వేళ పిలిచి, చింతపిక్కలు పదేసి కుప్పలు పెట్టించి, ఆ ఎక్కం కుప్పల్లో చూపించేది.

మధ్యాహ్నం మొక్కజొన్న రవ్వ ఉప్మా, పొడిపాలు వచ్చే రోజుల్లో ఆ పాలు కలపడం కూడా ఆమే. మరిగే నీళ్ళలో పొడి పోస్తే ఉండలు కడుతుంది. ముందు గోరువెచ్చని నీళ్ళతో జారుగా పేస్టులా కలిపి, దాని మీద వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోయాలి. వంటామె లేని రోజు పెద్దపిల్లలు ఆత్రపడి చేసి పాడుచేస్తే ఉండలన్నీ చేత్తో నలిపి మళ్ళీ వడకట్టేది.

నాట్లప్పుడూ కోతలప్పుడూ హాజరుపట్టీ సగం ఖాళీ. చిన్నవాళ్ళు చంటిబిడ్డల్ని కాయడానికి గట్ల మీద ఉంటారు. అమ్మమ్మ తిట్టలేదు. సాయంత్రం లాంతరు పట్టుకుని పేటలోకి వెళ్ళి అరుగు మీద గంటసేపు కూర్చునేది, పోయిన పాఠం అక్కడే జరిగేది.

*

ఆ అరుగుల మీదే ఇంకొక బడి మొదలైంది. పిల్లల కోసం లాంతరు తెస్తే తల్లులు కూడా చేరారు. వాళ్ళకు బలపం పట్టడం సిగ్గు. అమ్మమ్మ వాళ్ళకు పలక ఇవ్వలేదు, కీర్తనల పుస్తకం ఇచ్చింది. అందరికీ కంఠతా వచ్చిన పాట ఒకటి తీసి, పాడుతూ ఒక్కొక్క మాట మీద వేలు జరుపుతూ రమ్మంది. నోటికి వచ్చిన మాట కంటికి ఎలా ఉంటుందో వాళ్ళే పట్టుకోవాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది ఆమెకు మొదటి వారంలోనే తెలిసింది. పాట బాగా వచ్చినవాళ్ళు కాగితం చూడరు. వేలు ఒక చోట, నోరు ఇంకో చోట ఉంటుంది. చివరి మాటకు రెండూ కలిశాయా అని చూస్తే వేలు రెండు పంక్తులు వెనకబడి ఉండేది. అందుకని ఆమె మూడో చరణం నుంచి మొదలుపెట్టేది. పల్లవి, మొదటి చరణం ఊరందరికీ వచ్చు. మూడో చరణం సగం సగమే వచ్చు. రాగం తెలుసు, మాట సగం తెలుసు, మిగతా సగం అక్షరాల్లో వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే చదవడం. చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట అచ్చులో కనిపిస్తే, "అమ్మయ్య, ఇల్లు చేరాం" అనేవాళ్ళు ఆడవాళ్ళు. అలా చదవడం వచ్చినవాళ్ళు తర్వాత స్త్రీల సమాజంలో నిలబడి పత్రిక పాఠం, అంటే బైబిలులోని లేఖల నుంచి పాఠం, చదివారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఉన్నారు. మొన్న కూడికలో కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం మీద వేలు జరుపుతూనే పాడారు.

*

హార్మోనియం గురించి చెప్పాలి. చేతి హార్మోనియమే, మూడుంపావు స్థాయిలది. ముప్పై తొమ్మిది మెట్లు, అంటే ఇరవై మూడు తెల్లవి, పదహారు నల్లవి. మెట్టుకు రెండేసి చొప్పున లోపల డెబ్భై ఎనిమిది ఇత్తడి రీడులు, గాలికి కంపించి మోగే నాలుకలు.

ఎడమచేత్తో వెనక గాలితిత్తి వేయడం నేర్పడానికే ఆమె కొత్తవాళ్ళకు రెండు వారాలు తీసుకునేది. కొత్తవాళ్ళు తాళానికి తిత్తి వేస్తారు, తాళం పడినప్పుడల్లా స్వరం ఉబ్బి తగ్గుతుంది. తిత్తి పాడేవాళ్ళ ఊపిరికి తగ్గట్టు నడవాలి. పూర్తిగా తెరిచి పూర్తిగా మూయకూడదు, సగం సగంగా, లోపలి తిత్తి ఎప్పుడూ ముప్పాతిక నిండి ఉండేలా వేయాలి. గట్టిగా పాడించాలని బలంగా తోస్తే గొంతు పెరగదు, కింది రీడులు ఉక్కిరిబిక్కిరై శ్రుతి దిగుతాయి.

సంఘం పాటకు పెద్ద జబ్బు సాగదీయడం. ప్రతి పంక్తి చివరా ఒక్క క్షణం ఆలస్యం, నాలుగు చరణాలు అయ్యేసరికి పాట నడక సగానికి పడిపోతుంది. హార్మోనియం ఇంకా గట్టిగా వాయిస్తే అది తగ్గదు. చివరి స్వరం పట్టుకుని ఉన్నంతసేపూ జనం కూడా పట్టుకునే ఉంటారు. అమ్మమ్మ పంక్తి చివర కుడిచెయ్యి మెట్ల మీంచి ఎత్తేసేది. ఎడమచెయ్యి మాత్రం నెమ్మదిగా గాలి నింపుతూ ఉండేది. స్వరం తెగేసరికి అందరికీ తమ గొంతు తమకు వినబడుతుంది, ఊపిరి తీసుకుంటారు, తర్వాతి పంక్తి కలిసి ఎత్తుకుంటారు. దానికి తోడు గుడిలో మూడు చోట్ల ముగ్గురు ఆడపిల్లల్ని కూర్చోబెట్టేది. ఒకరు ముందు, ఒకరు ఆడవాళ్ళ మధ్య, ఒకరు ద్వారం దగ్గర. వాళ్ళ పని మోకాలి మీద తాళం వేయడం. చప్పట్లు కాదు, మోకాలి మీద, పక్కవాళ్ళకు మాత్రమే తెలిసేలా.

1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియం నిషేధం. దాని మీద గమకాలు, అంటే స్వరాల ఊపులు, పలకవని, మెట్టు నుంచి మెట్టుకు జారడం కుదరదని. అమ్మమ్మకు ఈ సంగతి తెలుసు, అందులో న్యాయం ఉందని కూడా ఒప్పుకునేది. ముఖారి, తోడి లాంటి రాగాల్లో ఉన్న కీర్తనలకు ఆమె హార్మోనియం మీద అన్ని స్వరాలూ వాయించేది కాదు. షడ్జ పంచమాలు (స, ప) ఆనించి పట్టుకుని, మలుపు ఉన్నచోట పక్కకు తప్పుకునేది. ఆ మలుపు గొంతులదే. మెట్టు మీద వాయించి చూపిస్తే పిల్లలు అదే బిరుసుగా నేర్చుకుంటారు, ముసలమ్మలకు వచ్చిన ఆ జారుడు వాళ్ళతోనే పోతుంది.

జర్మను బాణీల సంగతి వేరే. అక్టోబరు 31కి దగ్గరి ఆదివారం సంస్కరణ పండుగ, 1517లో మార్టిన్ లూథరు జర్మనీలోని విటెన్‌బర్గులో సంఘ సంస్కరణకు దారితీసిన తన వాదాలు ప్రకటించిన రోజు జ్ఞాపకం. ఆ రోజు నలభై ఆరో కీర్తన ఆధారంగా లూథరు రాసిన కోట పాట తెలుగులో పాడేవాళ్ళు. బాణీ జర్మనీది, మాట తెలుగు. తెలుగు హ్రస్వం మీద ఆ బాణీలో పొడుగు స్వరం పడితే జనం దాన్ని దీర్ఘం చేసి పాడేస్తారు. బలం కాస్తా బాలం అవుతుంది. కల కాస్తా కాల అవుతుంది. అలాంటి చోట్లన్నీ ఆమె పుస్తకంలో అడుగున గీత గీసి పెట్టుకుంది. అభ్యాసంలో ఆ మాటలు ముందు వట్టిగా చదివించి, తర్వాత పాడించేది. "అర్థం చెడితే రాగం ఎందుకు?" అనేది.

*

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం ఆ ఊరిదాకా రాలేదు. గాలి మాత్రం గుడి పెంకులు ఎత్తుకుపోయింది. రెండు రోజులు వాన హార్మోనియం ఉన్న గదిలోకే కురిసింది. నీళ్ళు తగ్గాక పెట్టె తెరిస్తే తిత్తి మడతలు ఉబ్బిపోయి, మెట్లు ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయట.

ఎండలో పెడదామన్నారు అందరూ. ఆమె ఒప్పుకోలేదు. తడిసిన కర్ర ఎండకు పైన ఆరి లోపల ఆరక చీలుతుంది. వసారాలో నీడన రెండు ఇటుకల మీద పెట్టి, ముందు మెట్లు ఊడదీసింది. ఊడదీసే ముందు ప్రతి మెట్టు మీదా పెన్సిలుతో ఒకటి నుంచి ముప్పై తొమ్మిది వరకు అంకెలు. చూడటానికి ఒకేలా ఉన్నా ఏ మెట్టు గాడి దానిదే, మారితే బిగుసుకుంటుంది. మరలు సాసర్లలో, ఏ భాగంవో కాగితం ముక్క మీద రాసి. తిత్తి మడతల మధ్య పాత దినపత్రికలు దూర్చి రోజూ పొద్దున్నే మార్చింది. అలా నెల పైన పట్టింది.

రీడులకు చిలుము పట్టింది. సాయానికి వచ్చిన ఒకామె మంచి మనసుతో మూడు రీడుల్ని చింతపండు, బూడిద పెట్టి గిన్నెలు తోమినట్టు తోమేసింది. తళతళలాడాయి. శ్రుతి మాత్రం దిగిపోయింది. తోముడుకు రీడు నాలుక పలచబడుతుంది, పలచబడితే నెమ్మదిగా కంపిస్తుంది. మిగతావాటిని అమ్మమ్మ కిరసనాయిలు తడిపిన గుడ్డతో ఒత్తకుండా తుడిచి, నాలుక కింద పోస్టుకార్డు ముక్క దూర్చి మెత్తని కుంచెతో దుమ్ము దులిపింది. వేరు నుంచి కొసవైపుకే దులపాలి, ఎదురు దులిపితే నాలుక వంగుతుంది. పాడైన మూడింటినీ తెనాలిలో నాటకాల హార్మోనియాలు బాగుచేసే ఆయన సరిచేశాడు. కొసన కొద్దిగా గీరితే శ్రుతి పెరుగుతుంది, వేరు దగ్గర గీరితే తగ్గుతుంది. రెండు గీతలు గీరి పక్క రీడుతో కలిపి వినడం, మళ్ళీ రెండు గీతలు. ఆమె ఆయన పక్కన స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చుని చూసింది. ఆ తర్వాత మరి తెనాలి వెళ్ళే అవసరం రాలేదు.

తిత్తి మూలలు చీలిన చోట పలచటి మేకతోలు ముక్కలు సరేసు జిగురుతో అంటించింది. సరేసు డబ్బాను నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, మరిగితే పట్టు పోతుంది. వేడినీళ్ళ గిన్నెలో డబ్బా నిలబెట్టి కరిగించాలి. ఎలుకలకూ పురుగులకూ భయపడి అప్పటి నుంచే పెట్టెలో కర్పూరం, ఎండిన వేపాకు. వేపాకు ఎండాకే వేసేది, పచ్చిది వేస్తే ఆ చెమ్మకు తోలు బూజు పడుతుంది. ఆ వాసన కథ ఇది.

ఆ ఏడు క్రిస్మస్‌కు హార్మోనియం లేదు. ఇల్లిల్లూ తిరిగే కేరల్స్ వట్టి కంజీర, తాళాలతో జరిగాయి. శ్రుతి ఆమె గొంతుతోనే ఇచ్చింది. మామూలు ఏడాదుల్లో ఆ పెట్టెను దుప్పటి పట్టీతో ఒక మగపిల్లవాడి మెడకు వేలాడదీసి, పెట్రోమాక్స్ లైటు వెనక నడిచేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక మంచుకు తోలు మెత్తబడి ఒకటి రెండు మెట్లు పైకి లేవకుండా మోగుతూనే ఉంటాయి. అలా మోగే మెట్టును కింద నుంచి గోటితో ఎత్తిపట్టడానికి ఒక పిల్ల పక్కనే నడిచేది. అది కూడా పదవే.

*

పిల్లల్ని సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ముందు చెప్పే కన్ఫర్మేషన్ తరగతి శనివారం సాయంత్రాలు జరిగేది. పాస్టరు అయ్యగారికి పారిష్‌లో చాలా ఊళ్ళు, అన్ని చోట్లకూ వచ్చేసరికి నెల. అందుకని లూథరు 1529లో రాసిన చిన్న క్యాటికిజం, ప్రశ్నజవాబుల విశ్వాస పాఠం, చెప్పడం టీచరమ్మకు పడింది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ఒప్పుకోలు, ప్రభురాత్రి భోజనం. ప్రతి ఆజ్ఞ కిందా దాని అర్థం ఏమిటన్న ప్రశ్న, దానికి జవాబు.

ఆజ్ఞల అంకెల దగ్గర ఏటా ఒక గొడవ వచ్చేది. బాపట్ల, ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబాల నుంచి వచ్చిన కోడళ్ళు దొంగిలవద్దు అన్నది ఎనిమిదో ఆజ్ఞ అని పిల్లలకు నేర్పేవాళ్ళు. మన లూథరన్ లెక్కలో అది ఏడు. విగ్రహాల మాటను మనం మొదటి ఆజ్ఞలోనే కలుపుతాం, చివర ఆశింపవద్దు అన్నదాన్ని తొమ్మిది, పది అని రెండు చేస్తాం. మొత్తం మీద పది పదే. అమ్మమ్మ ఏ తల్లినీ తప్పనలేదు. నల్లబల్ల మీద రెండు వరసలూ పక్కపక్కన రాసి గీతలతో కలిపి చూపించేది. "మీ అమ్మ చెప్పిందీ నిజమే. అంకె అడిగితే ఈ వరస చెప్పు, దొంగతనం మాత్రం ఏ వరసలోనూ చేయకు" అనేది.

బల్ల ఆదివారానికి, అంటే ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారానికి, ద్రాక్షరసం శుక్రవారం రాత్రి మొదలయ్యేది. పావుకిలో నల్ల ఎండుద్రాక్ష కడిగి, లీటరు నీళ్ళలో నానబెట్టేది. శనివారం సాయంత్రం అదే నీళ్ళతో సన్నని సెగ మీద పావుగంట మరిగించి, చల్లారాక చేత్తో పిసికి, తడిపి పిండిన మల్లుగుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. గురువారమే చేసి పెట్టుకుంటే మన ఎండలకు ఆదివారానికి పొంగి పులుస్తుంది. ఆల్టరు గుడ్డలు కుట్టింది కూడా ఆమే. క్రిస్మస్ ముందరి ఆగమనకాలానికీ ఈస్టరు ముందరి శ్రమదినాలకూ ఊదా, క్రిస్మస్, ఈస్టరుకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మిగతా ఏడాదంతా ఆకుపచ్చ. ఊదా గుడ్డ ఉతికితే రంగు దిగుతుంది, అందుకే దాన్ని నీడన దులిపి మడతపెట్టడమే.

*

మనవలకు ఆమె దగ్గర సెలవులంటే పొద్దున్నే నిద్రలేపే పాట, రాత్రి కుటుంబ ప్రార్థన. ప్రార్థనలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క వచనం. చిన్నవాళ్ళు తప్పు చదివినా ఆపేది కాదు. అందరూ అయిపోయాక ఆ వచనం తానే ఇంకోసారి, మామూలుగా, సరిగా చదివేది. ఎవరిది తప్పో ఎవరికీ చెప్పకుండానే సరిదిద్దుకునేవాళ్ళు.

డిసెంబరులో అరిసెలు. కిలో కొత్తబియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీళ్ళు మార్చి, వడేసి తడిపిండి కొట్టించేది. ముప్పావు కిలో బెల్లం పాకం. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. గట్టిగా టంగుమంటే అరిసె పంటికి లొంగదు. పిండి ఆరిపోతే నూనెలో వేయగానే విచ్చిపోతుంది, అందుకని పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచేది. పాకం పట్టేటప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. బుడగల చప్పుడు వింటుంది.

చివరి రోజుల్లో చెవులు మందగించాయి. అది ఆమెకు చాలా కష్టమైంది, ఎవరితోనూ అనలేదు. హార్మోనియం ముందు కూర్చుని, చెక్కకు ఎడమ మోచేయి ఆనించి వాయించేది. కంపనం ఎముకలోంచి వినబడుతుందని. అలా ఒక ఏడాది వాయించి, ఒక ఆదివారం తనంతట తనే పెట్టె మూసి, తాళంచెవి సంఘంలో బోధించే ఉపదేశి చేతిలో పెట్టింది. వెనకవాళ్ళు పాడుతున్నదీ లేనిదీ తనకు తెలియడం లేదంది.

*

కూడిక రోజు ఆ పుస్తకం అంతా తిరగేశాం. వెనక అట్ట లోపలివైపు సమాధి పాటల జాబితా ఉంది, ఊళ్ళో ఎవరు పోయినా పాడేవి, పక్కన శ్రుతులు. ఆఖరి పంక్తిలో ఒక కీర్తన సంఖ్య, దాని ఎదురుగా "నాకు" అని. కింద, "ఒకటో శ్రుతి. సాగదీయొద్దు."

ఆమెను పాతిపెట్టిన రోజు ఎవరూ ఆ పేజీ చూడలేదు. ఇంకేదో పాట పాడారు.

కీబోర్డు వాయించే కుర్రాడికి పుస్తకం చూపించారు సంఘపెద్ద. ఆ అబ్బాయి అంకె చూసి, ఒకటి అంటే సి కదండీ అని అడిగి, ఆ శ్రుతిలోనే ఎత్తుకున్నాడు. పల్లవి బాగానే నడిచింది. మొదటి చరణం కూడా. రెండో చరణంలో పంక్తి చివర జనం పట్టుకుని వదల్లేదు, కీబోర్డు కూడా వాళ్ళతో పాటే ఆగిపోయింది. అప్పుడు ఆడవాళ్ళ వరస మధ్యలోంచి, తలమీద కొంగు సర్దుకుంటూ ఒక పెద్దావిడ మోకాలి మీద రెండుసార్లు తట్టింది. ద్వారం దగ్గర నుంచి ఇంకొకామె తట్టింది.

కుర్రాడు చెయ్యి ఎత్తాడు. పాట దారిలో పడింది.